అర్థశాస్త్రాచార్యుడు – విద్యాపరిషత్తు



గ్రంథాలయ రజతోత్సవమున అర్థశాస్త్రవేత్త ప్రసంగమేల యని కొందరు తలపవచ్చును. మన విద్యార్థులు వాల్తేరున చదువుకొను ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయమునకు ఆయన పేరే పెట్టిరి. ఆయన డాక్టరు వాసిరెడ్డి శ్రీకృష్ణగారు, వి. ఎస్. కృష్ణగారని ప్రసిద్ధులు.

1902లో జన్మించిన ఆయన ఆక్స్‌ఫర్డున చదివి, వియన్నాలో డాక్టరు పట్టమంది, పరిషత్తునందు అర్థశాస్త్రాచార్యులైరి. 1926లో బెజవాడయందు వెలసిన ఆ పరిషత్తు 1930లో వాల్తేరు చేరినది. 1942లో విశాఖపై జపాను బాంబులు పడగా కొంతకాలము గుంటూరునకు తరలి, మరల వచ్చినది. దానిని కట్టమంచి రామలింగారెడ్డిగారు రెండు పర్యాయములు, నడుమ సర్వేపల్లి రాధాకృష్ణగారు నడపిరి. ఒకరు సాహిత్య విమర్శకులు, ఒకరు తాత్త్వికులు. వారి పిమ్మట 1949లో కృష్ణగారు వైస్‌చాన్సలరైరి. 1961 వరకు ఆ బాధ్యత వహించి, ఆ యేడే విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు అధ్యక్షులై, ఆ యేడే దివంగతులైరి.

లక్ష్మికిని సరస్వతికిని పొసగదందురు. ధనశాస్త్రము చదివినవానికి సరస్వతీపీఠము తగునా? తగునని నా మనవి. ఏ వ్యయము కరగిపోవునో, ఏ వ్యయము కాలాంతరమున ఫలించునో విచారించుటయే గదా ఆ శాస్త్రము! ఎంత కరవు వచ్చినను రైతు విత్తనపు ధాన్యమును వండుకొనడు. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు పరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలిచ్చిరి. సంస్థానపు లెక్కలో అది ఖర్చు. దేశపు లెక్కలో విత్తనము. పరిషత్తు శాఖగా ఎచ్చెర్లలో నడచిన కేంద్రము 2008లో డాక్టరు అంబేడ్కరు పేర స్వతంత్ర విశ్వవిద్యాలయమైనది. విత్తిన ఎన్నేండ్లకు ఈ పంట!

ఇక మన మాట. ఈ గ్రంథాలయపు జమాఖర్చులు వ్రాయువాడను నేను. పఠనమందిరమును దుకాణమునకు అద్దెకిచ్చి, పుస్తకములను బీరువాలలో పెట్టి తాళము వేయుదమను సూచన వచ్చియున్నది. సూచించినవారు గ్రామహితైషులే, వారియెడ నాకు గౌరవము కలదు. అద్దె నెలనెలా జమ పద్దున కనబడును. ఈ బల్లయొద్ద కూర్చుండి చదివిన కూలివాని బిడ్డ చదువు పదియేండ్లకుగాని కనబడదు. కనబడనంతనే దానిని నష్టమని వ్రాయుటకు నా కలము ఒప్పదు.

కావున మందిరమును చదువరులకే ఉంచుడని, లోటును మనమందరము చందాలతో పూరింతమని కార్యవర్గమును ప్రార్థించుచున్నాను. ఆ చందాపట్టీలో మొదటి పేరుగా నా పేరు వ్రాసికొనుడు.