యోకోహామాలో నేను చూసినది

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జపాన్ వెళ్లివచ్చావు గనుక నాలుగు మాటలు చెప్పవలసిందేనని కార్యదర్శిగారు పట్టుబట్టారు. నేను ముప్పై నాలుగేళ్లు రెవిన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నోట్ ఫైలు వ్రాయడం వచ్చుగాని ఉపన్యాసం అలవాటు లేదు. అందుచేత చూసినది చూసినట్లు మనవి చేసుకుంటాను.

2024 అక్టోబరులో నేను, మా ఇంటావిడ మా అమ్మాయి దగ్గరకు వెళ్లి ఐదు వారాలు ఉన్నాం. అమ్మాయి, అల్లుడుగారు యోకోహామా నగరంలో మిదోరి అనే వార్డులో ఉంటున్నారు. 2009 నుంచి అక్కడ ఒక భారతీయ పాఠశాల ఉన్నందున పిల్లలున్న మనవాళ్ల కుటుంబాలు కొన్ని ఆ చుట్టుపక్కలనే ఇళ్లు తీసుకున్నాయి. ఈ నగరం రాజధాని టోక్యోకు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్లు. జనాభా 37 లక్షల పైచిలుకు. జనసంఖ్యలో టోక్యో తర్వాత ఆ దేశంలో ఇదే పెద్ద నగరం.

ఇంత నగరమూ 170 ఏళ్ల క్రితం ఒక చిన్న బెస్తపల్లె అంటే నమ్మబుద్ధి కాదు. మనకు బొంబాయి నుంచి ఠాణాకు మొదటి రైలు నడిచిన 1853లోనే అమెరికా నౌకాధిపతి పెర్రీ యుద్ధనౌకలతో జపాన్ తీరానికి వచ్చాడు. మరుసటి సంవత్సరం ఈ యోకోహామా ఒడ్డునే ఒడంబడిక జరిగింది. 1859లో రేవు తెరిచారు. విదేశీయులు ఉండే ప్రాంతానికీ ఊరికీ మధ్య కాపలా గేట్లు పెట్టారు. ఇప్పటికీ ఆ పేటను కన్నాయ్ అంటారు. గేటుకు లోపలి భాగం అని అర్థమట. మన చెక్‌పోస్టు వంటిదన్నమాట. 1872లో జపాన్ దేశపు మొదటి రైలు టోక్యోలోని షింబాషి నుంచి ఈ ఊరికే వచ్చింది. 1887లో ఆ దేశపు మొదటి ఆధునిక మంచినీటి పథకం కూడా ఇక్కడే, పామర్ అనే బ్రిటిష్ ఇంజనీరు ఆధ్వర్యంలో వచ్చింది. ఈ వైభవానికంతటికీ మూలం పట్టు ఎగుమతి.

మన వివేకానందస్వామివారు 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ప్రసంగించిన సంగతి మీకు తెలుసు. అదే సంవత్సరం జూలైలో ఆయన యోకోహామా చేరి, అక్కడినుంచే ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’ ఓడలో చికాగో సభలకు బయలుదేరారు. ఓడ ఎక్కేముందు మద్రాసు మిత్రులకు ఉత్తరం వ్రాస్తూ, మన యువకులు ఏటా కొందరైనా వచ్చి ఈ దేశాన్ని చూడాలని కోరారు. యువకులేమోగాని, డెబ్బై మూడేళ్ల వయసులో నేను చూడగలిగాను.

కొత్త భాగాన్ని మినాతో మిరాయ్ అంటారు. పాత ఓడల కర్మాగారం ఉన్న స్థలం, సముద్రాన్ని పూడ్చిన స్థలం కలిపి 1983లో పని మొదలుపెట్టారు. అక్కడి లాండ్‌మార్క్ టవర్ 1993లో పూర్తయింది. ఎత్తు 296 మీటర్లు. 69వ అంతస్తుకు లిఫ్టు 40 సెకండ్లలో తీసుకుపోయింది. మా ఇంటావిడ విష్ణు సహస్రనామం మొదలుపెట్టి ధ్యానశ్లోకం పూర్తిచేయకముందే తలుపు తెరుచుకుంది. దగ్గరలోనే 1911, 1913 సంవత్సరాలలో కట్టిన ఎర్ర ఇటుకల కస్టమ్స్ గోదాములు రెండున్నాయి. పని లేక మూతబడిన వాటిని కూలగొట్టకుండా బాగుచేసి, 2002లో దుకాణాలకూ ప్రదర్శనలకూ తెరిచారు.

ఇవన్నీ ఫోటోలలో మీరు చూడవచ్చు. నేను చెప్పదలచినది యమషితా పార్కు గురించి.

1923 సెప్టెంబరు 1వ తేదీ మధ్యాహ్నం పన్నెండుకు రెండు నిమిషాల ముందు అక్కడ మహాభూకంపం వచ్చింది. వంటపొయ్యిలు మండుతున్న వేళ గనుక వెనువెంటనే అగ్నిప్రమాదాలు. టోక్యో, యోకోహామా ప్రాంతమంతటా కలిపి లక్షమందికి పైగా మరణించారు. ఊరు నేలమట్టమైంది. ఆ శిథిలాలను తీసుకెళ్లి రేవు ఒడ్డున సముద్రంలో పూడ్చి, దానిమీద తోట వేసి 1930లో ప్రజలకు తెరిచారు. అదే యమషితా పార్కు. పిల్లలు ఆడుకుంటున్నారు, ముసలివాళ్లు బెంచీలమీద కూర్చుని ఓడలు చూస్తున్నారు. కాళ్లకింద ఉన్నది పాత ఊరు.

ఆ పార్కులో ఒక మూల గోపురం ఆకారంలో చిన్న మండపం, మధ్యలో నీళ్ల తొట్టి కనిపించాయి. అల్లుడుగారు ఫలకం చదివి, “మామయ్యగారూ, ఇది మనవాళ్లు కట్టించినదండీ” అన్నారు. భూకంపం నాటికి యోకోహామాలో పట్టు వ్యాపారం చేసే భారతీయ వర్తకులు ఉండేవారు. వారిలోనూ కొందరు చనిపోయారు. బ్రతికినవారిని ఊరివాళ్లు ఆదుకున్నారు. ఆ సాయానికి కృతజ్ఞతగా, పోయినవారి జ్ఞాపకార్థంగా భారతీయులు 1930లలో ఆ మంచినీటి మండపాన్ని ఊరికి ఇచ్చారు. మేము కాసేపు అక్కడే నిలబడి చేతులు జోడించాం.

ఒడంబడిక జరిగినచోట ఇప్పుడు నగర చరిత్ర పత్రాల భాండాగారం ఉన్నది. పాత బ్రిటిష్ కాన్సలేటు భవనంలో 1981లో తెరిచారు. దాని ఆవరణలో ఒక పెద్ద చెట్టు ఉంది. పెర్రీ వచ్చిన కాలపు చిత్రంలోనూ అది కనిపిస్తుంది. భూకంపం మంటల్లో అది కాలిపోయింది. తర్వాత మళ్లీ వేరునుంచి చిగిర్చింది. నేను రికార్డు గదిలో చాలాకాలం గడిపినవాణ్ణి గనుక ఆ భాండాగారం చూస్తుంటే కడుపు నిండినట్లయింది.

మనబోటి వారికి పనికివచ్చే విషయాలు మరి మూడు. పార్కు పక్కనే హికావా మారు అనే ఓడ కట్టివేసి ఉంది. 1930లో సర్వీసులో చేరింది, 1960లో విరమణ పొందింది. అంటే సరిగ్గా ముప్పై ఏళ్ల సర్వీసు, మనలాగే. యుద్ధకాలంలో ఆసుపత్రి ఓడగా పనిచేసింది. విరమణ తర్వాత 1961 నుంచి అక్కడే ఉండి జనానికి దర్శనమిస్తోంది. మొత్తం సర్వీసుకంటే రెట్టింపు కాలం పెన్షన్ తీసుకుంటున్నదని నేనంటే అల్లుడుగారు నవ్వారు. రెండవది, 70 ఏళ్లు దాటిన నగరవాసులకు ఆదాయాన్నిబట్టి ఏడాదికింత రుసుముతో బస్సులకు, నగర మెట్రోకు పాసు ఇస్తారు. 60 దాటినవారికి తేలికపాటి పని చూపించే సిల్వర్ కేంద్రాలు దేశమంతటా ఉన్నాయి. పార్కులు ఊడ్చడం, చెట్లు కత్తిరించడం వంటివి. అక్కడ దాన్ని ఎవరూ నామోషీగా భావించరు.

మూడవది చెత్త. నగరపాలకులు 2003లో ఒక పథకం పెట్టి, 2001తో పోల్చి 2010 నాటికి చెత్తను 30 శాతం తగ్గించాలన్నారు. ఉత్తర్వు జారీచేసి ఊరుకోలేదు. పేటపేటకూ వెళ్లి సమావేశాలు పెట్టి, ఏది ఏ సంచిలో వేయాలో ఇంటింటికీ బోధపరిచారు. అయిదేళ్లు ముందుగానే, 2005లో లక్ష్యం చేరారు. మా ఇంటావిడకు కూడా వారం రోజుల్లో వచ్చేసింది. ఇక్కడికి వచ్చాక నాకు నేర్పుతోంది.

ఇక అసలు మనవి. యమషితా పార్కులో ఉండగా నాకు 1977 నవంబరు 19 గుర్తుకొచ్చింది. దివిసీమ ఉప్పెన. సముద్రం ఊళ్లమీద పడింది. సుమారు పదివేలమంది పోయారని లెక్క. అంతకంటే ఎక్కువేనని అనేవారూ ఉన్నారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు, సర్వీసు రెండేళ్లు. ఇంకా కొందరు గుమాస్తాలతో నన్నూ డ్యూటీ వేశారు. మృతుల జాబితాలు వ్రాయడం నా పని. పేరు, తండ్రి పేరు, వయసు, గ్రామం, వారసులు. కొన్ని ఇళ్లకు ఆఖరు గడిలో వ్రాయడానికి ఎవరూ లేరు. చెప్పేవాళ్లు లేక, పక్క ఊరివాళ్లను అడిగి పేర్లు వ్రాసుకున్నాం. ‘చంటిపిల్ల, పేరు తెలియదు’ అని కూడా నా చేతితో వ్రాశాను.

ఉప్పెన వచ్చిన హద్దు దగ్గర స్మారకస్తూపం ఉన్నది. ప్రతి ఏటా నివాళులర్పిస్తున్నారు. కాని ఆ రోజులలో పనిచేసినవారు చూసినది ఎక్కడ ఉన్నది? ఫైళ్ల సంగతి మనకు తెలియనిది కాదు. ఎల్.డిస్. ఏడాదికి, డి.డిస్. పదేళ్లకు చింపివేస్తాం. ఆర్.డిస్. మాత్రమే శాశ్వతం. మనిషి జ్ఞాపకానికి ఆర్.డిస్. నంబరు వేసేవారు ఎవరూ లేరు. ఆనాడు నాతో డ్యూటీ చేసిన పదకొండు మందిలో ఈనాడు మిగిలినవారం ముగ్గురం. ఒకరికి మాట పడిపోయింది.

కనుక సంఘానికి నా విన్నపం ఇది. 1977లో దివిసీమలో పనిచేసినవారు, రెవిన్యూ కావచ్చు, వైద్యశాఖ, పోలీసు, విద్యుత్తు, పంచాయితీరాజ్, ఉపాధ్యాయులు కావచ్చు, తలా రెండు పేజీలు వ్రాసి ఇవ్వండి. వ్రాయలేనివారు చెప్పండి, మనవలు వ్రాస్తారు. ఏ ఊరు, ఏ తేదీ, ఏమి చూశారు, ఎవరు సాయం చేశారు. అలంకారాలు అక్కరలేదు. ఒక ప్రతి మన కార్యాలయంలో, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఉంచుదాం. కాగితం, టైపింగు ఖర్చులకు నా వంతుగా ఒక నెల డి.ఆర్. మొత్తం ఇస్తున్నాను. మొదటి రెండు పేజీలు ఈ సభలోనే కార్యదర్శిగారికి అందజేస్తున్నాను. నాకు గుర్తున్నంతవరకు ఆ జాబితాలోని పేర్లు అందులో ఉన్నాయి.