బుల్లెట్టుకు జాక్ షాఫ్టు



మా మనవడు పాత బుల్లెట్టుకు వెడల్పు టైరు వేయిస్తానని గాజువాక ఆటోనగర్ చుట్టూ తిరుగుతున్నాడు. టైరు వెడల్పయితే చైను దానికి రాసుకుంటుంది. అందుకని గేరుబాక్సుకూ వెనక చక్రానికీ నడుమ ఒక అడ్డ షాఫ్టు, దాని మీద రెండు స్ప్రాకెట్లు. ఒక చైను లోపలిదాన్ని తిప్పుతుంది, రెండో చైను బయటిదాని నుంచి చక్రానికి పోతుంది. స్ప్రాకెట్ల పళ్ళు సమానమైతే షాఫ్టు వల్ల వేగం మారదు. బేరింగులు వంకరగా కూర్చుంటే మాత్రం చైను జారి చక్రం పట్టేయవచ్చు.

లెక్క భేషుగ్గానే వేశాడు. నా పేచీ కాగితాల దగ్గర (గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!). 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. రేపు ప్రమాదం జరిగితే బీమావారు ముందు చూసేది ఆర్.సి. పుస్తకమే.

నా ఎరియర్స్ డబ్బు అడిగాడు. సోమవారం ఇద్దరం ఆర్.టి.ఓ. ఆఫీసుకు వెళుతున్నాం.