వన్స్‌మోర్ అన్న జనం



పట్టాలు పుచ్చుకోవడానికి ఈ చీరాల ఉక్కలో గౌన్లు వేసుకుని కూర్చున్నారు కాబట్టి ఎక్కువసేపు విసిగించను. మీ జేబులో ఉన్న ఫోను గురించే నాలుగు మాటలు.

2018 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ 'బ్లాక్ మిర్రర్: బ్యాండర్‌స్నాచ్' అనే సినిమా విడుదల చేసింది. కథ ఎటు నడవాలో చూసేవాళ్ళే తేల్చాలి. మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? పొద్దున హీరో రెండు రకాల ఫలహారాల్లో ఏది తినాలని! ప్రేక్షకుడి చేతికి పగ్గాలొచ్చాయని అందరూ సంబరపడ్డారు. 2025లో ఆ సంస్థే దాన్ని తీసేసింది.

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ పగ్గాలు జనం ఎప్పుడో పట్టారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను తీసుకోండి. అర్ధరాత్రి దాటింది. హరిశ్చంద్రుడి భుజాన గొంగళి, చేతిలో కర్ర. హార్మోనియం శ్రుతి పట్టింది. పద్యం ముగిసీ ముగియకముందే చాపల మీంచి "వన్స్‌మోర్!" అని కేక. మళ్ళీ అందుకోవాల్సిందే. చనిపోయిన కొడుకు లోహితుణ్ణి ఎత్తుకుని రావాల్సిన చంద్రమతి తెర పక్కన ఎంతసేపైనా ఆగాల్సిందే. అసలు విశేషం ఇంకోటుంది. ఆ సీనులో పేరుమోసిన పద్యాలు కొన్ని బలిజేపల్లి వారివి కావు, జాషువా గారి 'శ్మశానవాటిక'లోవి. నటులు కలిపారు, జనం ఒప్పారు, నాటకమే మారిపోయింది. బ్యాండర్‌స్నాచ్‌లో మీరు ఏ దారిన పోయినా అది ముందే తీసిపెట్టిన దారే.

ఓటీటీల వల్ల మేలు లేదని అనను. గుంటూరు హోటలు, బొంబాయి చట్నీ కథ 'మిడిల్ క్లాస్ మెలొడీస్' 2020 నవంబరులో నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. చీరాల వాళ్ళూ డల్లాస్ వాళ్ళూ ఒకే రోజు చూడగలిగారు. తెలుగు కోసమే 'ఆహా' మొదలైందీ ఆ ఏడాదే. ఇక్కడ మగ్గం గుంటలో కూర్చున్న నేతవారికి చేతులూ కళ్ళూ ఖాళీ ఉండవు. పక్కన ఫోను పెట్టుకుంటే సినిమా చెవులకైనా అందుతుంది.

నా పేచీ వేరే. నాటకంలో మీ కేక నటుడికీ, పక్కవాడికీ వినబడేది. పక్కవాడు కాదంటే అక్కడే తేలేది. ఇప్పుడు మీరు ఎక్కడ ఆపారో, ఏది దాటేశారో యంత్రం ఒక్కటే లెక్కేస్తుంది. ఒకే ఇంట్లో అన్నకొక సినిమాల జాబితా చూపిస్తుంది, చెల్లికొకటి. ఎందుకలా వచ్చిందో ఇద్దరికీ తెలియదు.

మీలో కొందరు రేపు హైదరాబాదు, బెంగళూరు వెళ్ళి ఆ జాబితాలు తయారుచేసే ప్రోగ్రాములే రాస్తారు. "ఇది నాకెందుకు చూపిస్తున్నావ్?" అని అడిగితే సూటిగా జవాబిచ్చే మీట ఒకటి పెడదామని అక్కడ అడగండి. మేనేజరు గారు తేలిగ్గా ఒప్పుకోరు. ఎందుకొద్దో కాగితం మీద రాసిమ్మనండి.