కంపెనీ గడప వద్ద రోస్టరు లేదు

(పెద్దముడియంలో విద్యార్థుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2007 నాటి చట్టం ద్వారా మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసినప్పటికీ, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. కుందూ ఒడ్డున సేద్యం చేసుకునేవారి పిల్లలు, ప్రొద్దుటూరులో చిన్న దుకాణాలు నడుపుకునేవారి పిల్లలు నేడు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వైపు, పులివెందుల జె.ఎన్.టి.యు. కళాశాల వైపు ధైర్యంగా చూడగలుగుతున్నారు.

అయితే ఆ రిజర్వేషన్ చదువుకు, ప్రభుత్వ ఉద్యోగానికి మాత్రమే వర్తిస్తుంది. సర్కారు కార్యాలయాలలో పనిచేసిన మా వంటివారికి రోస్టరు సుపరిచితం. ఏ ఖాళీ ఎవరిదో అందులో ముందే రాసి ఉంటుంది. ప్రైవేటు కంపెనీకి ఆ రిజిస్టరు లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణ హామీ కూడా ప్రభుత్వ కొలువులకే పరిమితం.

ఇది వట్టి అనుమానం కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే పరిశోధకులు సమానమైన అర్హతలతో, వేర్వేరు పేర్లతో ప్రైవేటు సంస్థలకు 4,800కు పైగా దరఖాస్తులు పంపించారు. ముస్లిం పేరున్న అభ్యర్థులకు ఇంటర్వ్యూ పిలుపులు గణనీయంగా తగ్గాయని 2007లో వెల్లడించారు. అంతకు ముందే, 2006లో, సచార్ కమిటీ సమానావకాశాల కమిషన్ కావాలని సిఫారసు చేసింది. మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లో ముసాయిదా బిల్లును సైతం సమర్పించింది. అది చట్టం కాలేదు. దానికోసం అడుగుతూనే ఉండడం మన హక్కు.

చట్టం వచ్చేదాకా పిల్లలు చేతులు ముడుచుకుని కూర్చోలేరు గదా! కనుక ఇంటర్వ్యూ సంగతి చెబుతాము.

టెక్నికల్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న తరచుగా ప్రాజెక్టు మీదనే వస్తుంది. డబ్బిచ్చి కొనితెచ్చిన ప్రాజెక్టు రెండో ప్రశ్నకే బయటపడుతుంది. చిన్నదైనా సొంతంగా చేయండి. ఎందుకు చేశారో, ఎక్కడ చిక్కుపడ్డారో, ఎలా సరిదిద్దారో చెప్పగలగాలి. తెలియనిది తెలియదని చెప్పడం తప్పు కాదు. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడి, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడవలసి వస్తున్నది. ఆ తడబాటు తెలివితక్కువతనం కాదు. రోజూ అరగంట సాధనతో తగ్గుతుంది.

ఆడపిల్లలను పెళ్లి ఎప్పుడని, హిజాబ్ తీసేస్తారా అని అడిగేవారున్నారు. తొణకకుండా, “నా పని గురించి అడగండి, చెబుతాను” అనండి. బయటికి వచ్చిన వెంటనే తేదీ, ప్రశ్న రాసిపెట్టి మాకు తెలపండి. రాతలో లేని ఫిర్యాదు ఏ కార్యాలయంలోనూ నిలవదు. తండ్రులకు ఒక విన్నపం: బెంగళూరులో ఉద్యోగం వచ్చిన కుమారుణ్ణి దువా చేసి పంపుతున్నారు, కుమార్తెకు వస్తే ఆర్డరు కాగితాన్ని బీరువాలో దాచకండి.

డిప్లొమా, ఐ.టి.ఐ. చదివినవారు 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని వినియోగించుకోవాలి. శిక్షణ కాలంలో స్టయిపెండు లభిస్తుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు మనకు దూరం కావు.

ఇక చేయవలసినది ఒక్కటి. ఉద్యోగాలలో ఉన్న మన యువకులు సెలవులకు వచ్చినప్పుడు ఒక ఆదివారం కేటాయించి, చదువుతున్నవారికి నమూనా ఇంటర్వ్యూలు జరపాలి. స్థలం, చాయ్ మా బాధ్యత. పేర్లు నేడే ఇవ్వండి.