వార్ధక్యంలో ఆకలి: నిందకు ముందు మెదడును చూద్దాం



మన ఇళ్లలో రోజూ జరిగే సంగతితో మొదలుపెడతాను. కోడలు జొన్నరొట్టె తుంచి పప్పులో నానబెట్టి పళ్లెం ముందు పెడుతుంది. నాలుగు ముద్దలకే చెయ్యి ఆగిపోతుంది. “తినరాదు అత్తమ్మా” అంటే “ఆకలైతలేదు బిడ్డా” అన్న జవాబే. కొన్ని నెలలకు రవిక వదులవుతుంది, మణికట్టు దగ్గరుండే గాజులు మోచేతి దాకా జారతాయి. ఇంట్లోవాళ్లు మొండితనమంటారు, వీధిలోవాళ్లు కోడలు సరిగా పెట్టడం లేదంటారు. ఈ రెండు నిందలూ చాలాసార్లు అన్యాయమైనవే. ఆకలి పుట్టేది పొట్టలోనే అయినా దాని పగ్గాలు మెదడులో ఉన్నాయి.

ఆ పగ్గాలున్న చోటు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్. 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో మన దేశస్థుడు బాల్ క్రిషన్ ఆనంద్, జాన్ బ్రోబెక్‌తో కలిసి, అందులో ఒక చిన్న భాగం దెబ్బతింటే ఎలుకలు తిండి పూర్తిగా మానేస్తాయని చూపించాడు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనుగొంది. ఒంట్లో కొవ్వు ఎంత నిల్వ ఉందో మెదడుకు తెలిపే హార్మోను అది. ఆకలిని రేపే గ్రెలిన్ 1999లో జపానులో బయటపడింది.

వయసు ఈ ఏర్పాటును రెండు దశల్లో రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. నడివయసులో ఒళ్లు పెరుగుతుంది. ఎందుకో తెలుసుకోవడానికి నగోయా విశ్వవిద్యాలయంవారు ఎలుకల మీద చేసిన పరిశోధన 2024లో వెలువడింది. తిండి చాలన్న సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు హైపోథాలమస్ కణాల మీద సన్నని నూగులాంటి పోగులపై ఉంటాయి. వయసుతోపాటు ఆ పోగులు పొట్టివవుతున్నాయి. కొవ్వు ఎక్కువున్న మేత పెడితే ఇంకా త్వరగా కురచబారాయి, మేత తగ్గిస్తే ఆ వేగం తగ్గింది. మనుషుల్లోనూ ఇదే జరుగుతుందని ఇంకా తేలలేదు. అయినా నడివయసు బరువును నోటి చాపల్యంగా తేల్చిపారేసేవాళ్లు ఈ ఫలితాన్ని చదవాలి. ఒళ్లు ఖర్చుచేసే శక్తి తగ్గిపోవడం వల్లే లావెక్కుతామన్న నమ్మకమూ నిలవలేదు. 2021లో అచ్చయిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం 20 నుంచి 60 ఏళ్ల దాకా ఆ ఖర్చు దాదాపు స్థిరం; తగ్గేది ఆ తర్వాతే.

ముసలితనంలో కథ తిరగబడుతుంది. 1994లో సుసాన్ రాబర్ట్స్ బృందం పడుచువాళ్లకూ పెద్దవాళ్లకూ మూడు వారాలు తిండి తగ్గించింది. తర్వాత ఇష్టమొచ్చినంత తినమంటే పడుచువాళ్లు ఎక్కువ తిని పోయిన బరువు తెచ్చుకున్నారు, పెద్దవాళ్లు తెచ్చుకోలేకపోయారు. జ్వరమొచ్చి చిక్కిపోయిన తాత మళ్లీ కోలుకోకపోవడానికి ఒక కారణం ఇక్కడ దొరుకుతుంది. పెద్దవాళ్లలో పొట్ట మెల్లగా ఖాళీ అవుతుంది, కడుపు నిండిందని చెప్పే కొలెసిస్టోకైనిన్ పెరుగుతుంది, వాసన తగ్గి కూర చప్పగా తోస్తుంది. డిజాక్సిన్, మెట్‌ఫార్మిన్ వంటి మందులు కూడా కొందరికి ఆకలిని చంపేస్తాయి.

నన్ను ఎక్కువ బాధించేది మరొకటుంది. నడివయసులో పెట్టిన పథ్యాన్ని ఎనభై ఏళ్లకూ అలాగే సాగిస్తున్నాం. నెయ్యి వద్దు, గుడ్డు వద్దు, రాత్రి ఒక్క రొట్టె చాలు అంటూ కండ కరిగిపోతున్న మనిషిని ఇంకా కట్టడి చేస్తున్నాం. అనుకోకుండా ఆరునెలల నుంచి ఏడాదిలోపు బరువులో 5 శాతం తగ్గితే, అంటే 50 కిలోల అవ్వ రెండున్నర కిలోలు తగ్గితే, వైద్యుడికి చూపించాలి. పాత పథ్యాన్నీ మందుల చీటీనీ ఆయన ముందు పెట్టి మళ్లీ చూడమని అడగాలి. ముద్దపప్పు, పెరుగు, గుడ్డు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టాలి. మూత్రపిండాల జబ్బుంటే ఎంత పెట్టాలో వైద్యుడే చెప్పాలి. పళ్లెం ఒంటరిగా మూలకు పంపకుండా పక్కన కూర్చోవాలి. నలుగురితో కలిసి తింటే మనిషి ఎక్కువ తింటాడు.

ఈ మాటలు ఇంటింటికీ చేరాలంటే తెలుగులో రాయాలి. మనం ఈ తెలుగు సభ జరుపుకుంటున్న కుశనూరు బీదరు జిల్లాలో ఉంది; 1956 దాకా ఆ బీదరు హైదరాబాదు రాష్ట్రంలోదే. ఆ హైదరాబాదులోనే 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, ఆయన మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి శాస్త్ర విషయాలకు తెలుగులో చోటిచ్చారు. ఇక్కడున్న రచయితలను నేను అడిగేది ఆ పనికి కొనసాగింపే. వార్ధక్యంలో ఆకలి గురించి పెద్ద అక్షరాలతో, నాలుగు పేజీల పుస్తకం ఒకటి రాయండి. ఈ పల్లెల్లో మాట్లాడే తెలుగులోనే రాయండి. కన్నడం, మరాఠీ తెలిసిన మిత్రులు దాన్ని ఆ భాషల్లోకీ తీసుకెళ్లండి. మధ్యాహ్నం తీర్మానాల వేళ ఈ ప్రతిపాదనను నేనే సభ ముందు పెడతాను. రాయడానికి ముందుకొచ్చేవాళ్లు భోజనాలలోపు పేర్లివ్వండి.