కోళ్ళ గూటికి తనంత తాను పడు తలుపు

(చేవెళ్ళ, మొయినాబాదు మండలముల గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



కోళ్ళ గూటి తలుపును గూర్చి మాటలాడుటకు ఇంతమందిని పిలువవలెనా యని మీలో కొందరనుకొనుచుండవచ్చును. రోడ్లు, మురుగు కాలువలు, మంచినీరు మొదలగు పెద్ద పనులు మీ యెదుట నున్నవి. ఐనను ఒక్క రాత్రి తలుపు వేయ మరచి ఎనిమిది పెట్టలను పోగొట్టుకొన్న ఇల్లాలిని అడిగి చూడుడు. గ్రుడ్లమీద వచ్చు డబ్బు ఆమె చేతికి వచ్చునట్టిది. దానికి ఇంటి యజమాని లెక్క అడుగడు. పిల్లల పుస్తకములు, మందుమాకులు, పండుగకు రవిక గుడ్డ, అన్నియు అందులోనివే. ముంగిసయో బావురుపిల్లియో గూటిలో దూరినచో ఒక్క కోడితో తృప్తిపడి పోదు. తినునది ఒకటి, కొరికి పడవేయునవి అనేకము.

మన ప్రాంతమున ఈ చిక్కు మరికొంత హెచ్చు. ఇవి హైదరాబాదునకు కూరగాయలు, పూలు పంపు పల్లెలు. మెహిదీపట్నము రైతుబజారుకో, గుడిమల్కాపూరు పూల మార్కెట్టుకో పోవలసినవారు కోడి కూయక ముందే బండి యెక్కవలెను. అప్పుడే కోళ్ళను వదలినచో చీకటిలో నక్కల పాలగును. వదలకపోయినచో ఇంటివారు తిరిగి వచ్చువరకు అవి గూటిలో మ్రగ్గవలెను. సాయంకాలమును అంతే. పూలు కోసి, మూటలు కట్టి ఇల్లు చేరునప్పటికి దీపములు పెట్టి చాల సేపగును. ఇక చిలుకూరు వైపున 1994లో జాతీయ వనముగా ప్రకటింపబడిన మృగవని యున్నది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల చుట్టుప్రక్కల తుప్పలున్నవి. పొంచియుండు జంతువుకు చోటు కొరత లేదు.

పూర్వము నాటుకోడి వేపచెట్టో చింతచెట్టో యెక్కి కొమ్మపై నిద్రించి, తన ప్రాణమును తానే కాపాడుకొనెడిది. ఇప్పుడు మన పక్కనే రాజేంద్రనగరమున, 1988లో స్థాపింపబడిన కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజ, గ్రామప్రియ రకములు వచ్చినవి. గ్రామప్రియ ముఖ్యముగా గ్రుడ్లకు, వనరాజ గ్రుడ్లకును మాంసమునకును ఉద్దేశింపబడినవి. వనరాజ బరువైన పక్షి. చెట్టు కొమ్మ అందుకొనగల ఎగురు దానికి లేదు. దానికి గూడే రక్ష.

కోడికి ఒక మంచి గుణము కలదు. ప్రొద్దు గ్రుంకువేళకు ఎవరును తోలకయే గూటికి చేరును. కావలసినదెల్లను అది చేరిన పిమ్మట తలుపు పడుట, తెల్లవారిన పిమ్మట తలుపు లేచుట. నక్కల భయమున్న ఇంగ్లాండు, అమెరికా దేశములలో ఇట్టి తలుపులు దుకాణములలోనే అమ్ముచున్నారు. మన వడ్రంగియు, మోటార్లు బాగుచేయు పనివాడును కలిసినచో ఇక్కడనే చేయవచ్చును.

నిర్మాణము తేలిక. పండ్రెండు అంగుళముల వెడల్పు, పదునాలుగు అంగుళముల ఎత్తు గల రేకు పలకను, రెండు ప్రక్కల గాడులలో పైకి క్రిందికి జారునట్లు అమర్చవలెను. పలక పైయంచుకు కట్టిన త్రాడు, పైనున్న చిన్న కండెకు చుట్టుకొనును. ఆ కండెను పండ్రెండు వోల్టుల గేరు మోటారు త్రిప్పును. కండె అడ్డకొలత అంగుళమైనచో నాలుగున్నర చుట్లకు పలక పూర్తిగా లేచును. నిమిషమునకు పది చుట్లు తిరుగు మోటారుకు అరనిమిషము చాలును. పైకి చేరగనే ఒక స్విచ్చిని, క్రిందికి దిగగనే మరియొక స్విచ్చిని పలకయే నొక్కి మోటారును ఆపును.

ఇందులో మీరు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. మోటారు తలుపును క్రిందికి నెట్టరాదు. త్రాడును వదలవలెను, అంతే; పలక తన బరువుతో తాను దిగవలెను. అప్పుడు గడపలో కోడి నిలిచియున్నను దాని వీపుపై పలక బరువు మాత్రమే పడును, ప్రాణాపాయము కలుగదు. నెట్టు మోటారు కోడినిగాని చంటిపిల్ల వ్రేళ్ళనుగాని గుర్తింపదు.

తేలికగా దిగునది తేలికగా లేచును గదా యని మీరనవచ్చును. నిజమే. ముంగిస గోరు పెట్టి ఎత్తినచో త్రాడు ఆపలేదు. అందువలన పలక క్రింది యంచు, ముందున్న చెక్క గడప వెనుకకు ఒక అంగుళము లోతుగా దిగవలెను. గోరు దూర్చుటకు సందుండరాదు. ఆ గాడిలో పెంట, ఊక నిండి తలుపు పూర్తిగా పడకుండ చేయును గావున, గాడి ఒక ప్రక్క తెరచియుంచి పుల్లతో ఊడ్చుచుండవలెను. గూటికి కోళ్ళ జాలి వాడుటయు పొరపాటే. అది కోడిని లోపల ఉంచునే గాని ముంగిసను బయట ఉంచదు. అర అంగుళము కన్నులు గల వెల్డింగు జాలి వేయుడు. వేసవికి పైభాగమున గాలి సందులు మరువరాదు.

మోటారుకు ఆజ్ఞ ఇచ్చునదెవరు? మేము మొదట గడియారపు స్విచ్చిని పెట్టితిమి. ఎండకాలమున రాత్రి ఏడున్నరకు మూయునట్లు త్రిప్పి, నిశ్చింతగా నుంటిమి. మన ప్రాంతమున జూను చివరను సూర్యుడు సుమారు 6 గంటల 55 నిమిషములకు అస్తమించును. నవంబరు చివరకు 5 గంటల 40 నిమిషములకే. గడియారమునకు ఈ సంగతి తెలియదు. కార్తికమున చీకటి పడిన గంటన్నరకు గాని తలుపు పడలేదు. ఆ సందులో రెండు పెట్టలు పోయినవి. తప్పు మాదే.

తరువాత వెలుతురును గుర్తించు కన్ను అమర్చితిమి. చిన్న బిళ్ళ యది. వెలుతురులో విద్యుత్తును సులభముగా పోనిచ్చును, చీకటిలో అడ్డగించును. ఆ భేదమును బట్టి మోటారు తిరుగును. అస్తమయమైన అరగంటకు మూయునట్లు, ఉదయమున వెలుతురు బాగుగా వచ్చిన పిమ్మట తెరచునట్లు సరిచేసితిమి. మబ్బు కమ్మినను, టార్చి పడినను పొరబడకుండ, వెలుతురు మార్పు పది నిమిషములు నిలిచిన తరువాతనే కదలునట్లు ఆలస్యము పెట్టితిమి. పండ్రెండు వోల్టుల ఏడు ఆంపియరు గంటల బ్యాటరీ, ఐదు వాట్ల సౌర పలక దీనికి చాలును. మోటారు దినమునకు ఒక నిమిషమే తిరుగును. ముసురు పట్టినను వారము నడచును.

అంతయు బాగున్నదని తలచుచుండగా ఒక ఇంట తలుపు రాత్రియంతయు తెరచియే యుండెను. విచారింపగా, ఆ వారమే వీధిలో క్రొత్త తెల్లని దీపము వెలిగించిరి. దాని కాంతి నేరుగా కన్నుపై పడుచున్నది. కన్నుకు తెల్లవారినట్లే! ఆకాశమువైపు తిరిగిన చిన్న గొట్టములో కన్నును దింపిన పిమ్మట ఆ బాధ తీరినది.

యంత్రము కోళ్ళను లెక్కపెట్టలేదని మరువకుడు. ఆలస్యముగా వచ్చిన పెట్ట బయటనే నిలిచిపోవును. పిల్లలతోనున్న తల్లికోడి మెట్టు ఎక్కలేక ఆగిపోవచ్చును. తలుపు పడిన పిమ్మట ఒక్కసారి దీపము పట్టి చూచుట ఇంటివారి పనియే. క్రొత్త గూటిలో మొదటి నాలుగైదు దినములు కోళ్ళను వదలక యుంచినచో దారి తెలిసికొనును.

మరియొక లాభము మేము ముందుగా తలపనిది. కొక్కెర తెగులు టీకా వేయు దినమున కోళ్ళను పట్టుట పశువైద్య సిబ్బందికి ఎంత ప్రయాసయో మీకు తెలియును. సగము కోళ్ళు గడ్డివాము వెనుకనే మిగిలిపోవును. తెగులు అక్కడినుండియే వచ్చును. ఆ ముందురాత్రి స్విచ్చిని కట్టివేసినచో, తెల్లవారి వారు వచ్చువరకు కోళ్ళన్నియు గూటిలోనే యుండును. టీకా తేదీని ఒక దినము ముందుగా చాటింపు వేయించుట పంచాయతీ చేయగల పని.

ఊరంతటికి ఒక్కసారి తలుపులు కొనవలదని మా అభిప్రాయము. ముందు ఒక స్వయంసహాయక సంఘ సభ్యురాలి ఇంట ఒకటి పెట్టించి, ఒక వానకాలము, ఒక చలికాలము నడువనిండు. దానిని బాగుచేయగల మనిషి ఊరిలో ఎవరో తేల్చుకొనుడు. అట్టివారు లేనిచో రెండవ తలుపు జోలికి పోకుడు. ఇక వీధి దీపములు మీ అధీనమున నున్నవే గావున, ఏ స్తంభపు వెలుగు ఏ పెరటిలో పడుచున్నదో ఈ వారము ఒక రాత్రి తిరిగి చూచి, కావలసినచోట రేకు తొడుగు వేయింపుడు. ఆ పనికి మోటారు అక్కరలేదు, నిచ్చెన యున్న చాలును.