విత్తనాల గింజలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గడ్డురోజుల్లో కంపెనీలు కొత్త ఆలోచనలను ఎలా బతికించుకుంటాయో చెప్పమన్నారు. ముందు నేను ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. 2008 చివర్లో మాంద్యం వచ్చినప్పుడు బాలానగర్‌లో మా చిన్న యూనిట్‌కి ఆర్డర్లు సగానికి పడిపోయాయి. రోజువారీ ఉత్పత్తికి అక్కర్లేదనుకుని టూల్ రూమ్ మూసేశాను. అందులో ముగ్గురినీ పంపేశాను. ఆ ఏడాది లెక్కలు బాగానే కనిపించాయి. రెండేళ్లకు పాత కస్టమరే కొత్త డ్రాయింగ్ తెచ్చాడు. దానికి డై చేసేవాళ్లు నా దగ్గర లేరు. ఆ పని పక్క వీధికి పోయింది. నేను పంపేసిన ముగ్గురిలో ఒకతను అక్కడే చేరాడు.

ఇది మన రైతులకు తెలియని సంగతి కాదు. కరువొస్తే పస్తులైనా ఉంటారు గాని, విత్తనాలకు దాచిన గింజల జోలికి పోరు.

దెబ్బ తిన్నాక, మిగతావాళ్లు ఏం చేశారో చదివాను. 1929 తర్వాత అమెరికాను మహామాంద్యం కమ్మేసినా డ్యూపాంట్ తన పరిశోధనశాలను మూయలేదు. అలాగని డబ్బు గుడ్డిగా పోయనూ లేదు. అమ్ముడుపోయే వస్తువు వైపు పరిశోధనను మళ్లించింది. వాలెస్ కరోథర్స్ బృందం నుంచి 1930లో నియోప్రీన్ రబ్బరు, 1935లో నైలాన్ వచ్చాయి. నైలాన్ మేజోళ్లు అమెరికా అంతటా దుకాణాలకు చేరింది 1940 మేలో. ఈ మధ్యలో 1937లో ఆర్థిక వ్యవస్థ మళ్లీ కుంగింది. అదే ఏడాది కరోథర్స్ చనిపోయాడు. అయినా పని ఆగలేదు.

అంత డబ్బు మనకెక్కడిది అంటారా? 1950లో టయోటా దగ్గర కూడా లేదు. దివాలా అంచుకు చేరింది. కార్మికులను తొలగించింది, సమ్మె జరిగింది, స్థాపకుడు కీచిరో టయోడా అధ్యక్ష పదవి వదిలేశాడు. ఆ సంవత్సరమే ఎయిజీ టయోడా అమెరికా వెళ్లి ఫోర్డ్ ఫ్యాక్టరీ చూశాడు. కార్మికుల నుంచి సలహాలు తీసుకునే పద్ధతి అక్కడ ఆయనను ఆకట్టుకుంది. 1951లో టయోటాలోనూ మొదలుపెట్టారు. నిజానికి అప్పుడు కంపెనీని గట్టెక్కించింది కొరియా యుద్ధం తెచ్చిన ట్రక్కుల ఆర్డర్లే. కానీ ఆర్డర్లు కలిసొచ్చిన అదృష్టం. పనిచేసేవాడి మాట వినడం మాత్రం వాళ్లు అలవాటు చేసుకున్నది.

2020లో కోవిడ్ వచ్చేనాటికి మా టూల్ రూమ్ మళ్లీ నడుస్తోంది. ఈసారి దానికి తాళం వేయలేదు. ముందు నా జీతం ఆపుకున్నాను, కొత్త మెషీన్ కొనడం వాయిదా వేశాను. లాక్‌డౌన్ సడలించాక పని లేని రోజుల్లో మా కుర్రాళ్లు పాత డైలు విప్పి, ఎక్కడ ఎందుకు అరుగుతున్నాయో రాసి పెట్టారు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ వాడుతున్నాం.

కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉన్న మిత్రులకు ఒక్క మనవి. ఖర్చులు తగ్గించే జాబితా రాయడానికి కూర్చున్నప్పుడు, ఏవి కొట్టేయకూడదో ముందు రాసుకోండి. నేర్చుకునే కుర్రాళ్ల పేర్లు అందులో ఉండేలా చూడండి.

సెలవు.